‘మంచివాడే’ అన్నది నేనే

ఒక మాట నా గొంతులో ఏళ్ళుగా అడ్డంపడి ఉంది. మింగుడుపడదు, బయటికీ రాదు. పెద్ద మాటేం కాదు. మీరూ నేనూ రోజూ వాడేదే. ఎవరైనా ఎవరి గురించైనా అడిగితే ఆలోచించకుండా అనేసే మాట. “మంచివాడే.” అంతే. ఆ ఒక్క మాటతో ఒక అమ్మాయిని తీసుకెళ్ళి ఒకతని చేతిలో పెట్టాను. ఇన్నాళ్ళూ నాలో నేను ‘నిజం చెప్పలేకపోయాను’ అని అనుకుంటూ వచ్చాను. చెప్పలేకపోవడం వేరు. అబద్ధం చెప్పడం వేరు. నేను చేసింది రెండోది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.

పెళ్ళికి ముందు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో పనిచేసేదాన్ని. కింద చెప్పుల దుకాణం, పై అంతస్తులన్నీ మావి. ఉద్యోగాల పరీక్షలకు చదవాలని నల్లగొండ వైపు నుంచి పిల్లలు ఎల్బీనగర్‌లో బస్సు దిగి, భుజాన బ్యాగుతో నేరుగా నా బల్ల ముందుకు వచ్చేవాళ్ళు. అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. “మేడమ్, గీ సార్ ఎట్ల చెప్తడు?” నా జవాబూ ఒకటే. “చాలా బాగా చెప్తారు.” ఆ సార్ నిన్ననే చేరినా సరే, క్లాసులో ఆవలిస్తాడని నాకు తెలిసినా సరే. నాకు జీతం ఇచ్చేదే అందుకు. అబద్ధం నవ్వుతూ చెప్పడం అలా అలవాటైపోయింది.

అక్కడ లెక్కలు చెప్పే ఒకతను ఉండేవాడు. పేరు రాయను. మర్యాద కోసం కాదు, భయంతోనే రాయడం లేదు. ఇంట్లో తెలియకుండా కొన్నాళ్ళు మేమిద్దరం కలిసి తిరిగాం. మావాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడినవాళ్ళు. కూతురు ఉద్యోగం చేస్తోందంటే నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేవాళ్ళు. ప్రేమించిందంటే మాత్రం ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. అతను నా ఫోన్ తీసి చూస్తుంటే ప్రేమ అనుకున్నాను. ఎక్కడున్నావో లొకేషన్ పెట్టు అంటే నా మీద శ్రద్ధ అనుకున్నాను. ఎంత తెలివైనదాన్నో చూడండి.

ఒకరోజు భోజనాల వేళ పై అంతస్తులో క్లాసు ఖాళీగా ఉంది. ఇంకో లెక్చరర్‌తో నవ్వుతూ మాట్లాడానని అతను నా కుడిచేతి మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. నేను అరిచేదాకా మెలిపెట్టాడు. అరిచాక కూడా వదల్లేదు. ఎముక విరిగింది. ఇంట్లో బస్సు దిగుతూ పడ్డానని చెప్పాను. మా అమ్మ ఊళ్ళో ఉన్న బస్సు డ్రైవర్లందరినీ తిట్టిపోసింది.

నా అరుపు కింది అంతస్తు దాకా వినబడింది కాబట్టి సెంటర్ యజమానికి తెలిసింది. ఆయన అతన్ని చడీచప్పుడు లేకుండా పంపించేశాడు. నన్ను గదిలోకి పిలిచి, “బయటికి పొక్కితే నీకే నష్టం తల్లీ. ఎవరడిగినా మంచివాడే అని చెప్పు,” అన్నాడు. ఎంత ప్రేమగా చెప్పాడో! అతను మాత్రం పోతూ పోతూ నా బల్ల దగ్గర ఆగి, మన ఫొటోలన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి అన్నాడు. అవేం చెడ్డ ఫొటోలు కావు. పక్కపక్కన నిలబడి నవ్వుతున్నవే. మా ఇంట్లో గొడవకి అవి చాలు.

చెయ్యి అతికింది, కాస్త వంకరగా. మణికట్టు పక్కన ఎముక ఇప్పటికీ ఎత్తుగా కనబడుతుంది. ఆ తర్వాత నాకు సంబంధం కుదిరింది, ముహూర్తం పెట్టుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే రూతు వచ్చింది.

రూతు అన్నది నేను పెట్టిన పేరు. దేవరకొండ వైపు పల్లె నుంచి వచ్చిన పిల్ల. ఎల్బీనగర్‌లో కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తూ హాస్టల్లో ఉండేది. రిసెప్షన్ దగ్గర జనం పలచబడేదాకా కుర్చీలో ఓపిగ్గా కూర్చుంది. కోర్సు గురించి అడుగుతుందనుకున్నాను. దగ్గరికొచ్చి మెల్లగా, “అక్కా, జర బయటికొస్తవా? చాయ్ తాగుదం,” అంది.

సందు చివర చాయ్ దుకాణంలో కూర్చున్నాం. ఏదో యాప్‌లో ఒకతను పరిచయమయ్యాడని, పెళ్ళి చేసుకుందామంటున్నాడని, ఇంతకుముందు మా సెంటర్లో లెక్కలు చెప్పేవాడినన్నాడని చెప్పింది. పేరు చెప్పింది. అతనే.

“ఫోన్ల ఎంత ఎతికినా మంచిగనే కనబడ్తుండు అక్కా. ఫొటోలల్ల అందరూ మంచిగనే ఉంటరు కదా? గందుకే పనిచేసిన కాడ మనుషుల్ని అడుగుదామని ఒచ్చిన. మా నాయిన లేడు. అమ్మకు గీ పట్నం తెల్వదు. నా కోసం అడిగేటోళ్ళు ఎవ్వరు లేరు, నేనే అడగాలె. ఎట్లాంటోడు అక్కా? నీ చెల్లె అడిగిందనుకొని చెప్పు.”

“మంచివాడే,” అన్నాను.

“కోపమెక్కువనా?”

“కోపం ఎవరికుండదు? పని మాత్రం కష్టపడి చేస్తాడు.”

రూతు కళ్ళు నా చేతి మీద పడ్డాయి. రోజూ ఎదుటివాళ్ళ మొహాలు చూసి కళ్ళజోళ్ళు సరిచేసే పిల్ల కదా, వంకర ఎక్కడున్నా చూపు అక్కడ ఆగుతుందేమో.

“చెయ్యికేమైందక్కా?”

“బస్సు దిగుతూ పడ్డాను.”

“అయ్యో! పైలం అక్కా. గీ బస్సులు సక్కగ ఆగనే ఆగవు.” తర్వాత గట్టిగా ఊపిరి వదిలి నవ్వింది. “ఇన్ని దినాల సంది పరేషాన్ల ఉన్న. ఇప్పుడు పాణం నిమ్మలమైంది.”

నాకు జాగ్రత్త చెప్పి, నా నంబరు తీసుకుని వెళ్ళింది. చాయ్ డబ్బులు కూడా నన్ను ఇవ్వనివ్వలేదు.

మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది, మీకూ తెలిసే ఉంటుంది. పెళ్ళి సంబంధం కోసం ఎవరైనా వచ్చి పక్కింటి కుర్రాడి గురించి వాకబు చేస్తే, ఉన్నది ఉన్నట్టు చెప్పరు. మా నాన్న అయితే, “కుర్రాడు... మంచివాడేఽ...” అని చివర సాగదీసి చూపు పక్కకి తిప్పేసేవారు. అడిగినవాళ్ళు మంచినీళ్ళు తాగి లేచేవాళ్ళు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కేవాళ్ళు కాదు. చెడు చెప్పిన పాపం నాన్నకు లేదు, మోసపోయిన బాధ వాళ్ళకు లేదు. ఆ చివరి దీర్ఘంలోనే అంతా ఉండేది.

ఎన్నో ఏళ్ళు నేను ఆ దీర్ఘాన్నే పట్టుకుని బతికాను. నేనూ నాన్నలాగే సాగదీసి చెప్పాను కదా, పల్లెటూరి పిల్ల, మా మాట తీరు తెలియక నిజమనుకుంది, అందులో నా తప్పేముంది? ఇలా సర్దిచెప్పుకునేదాన్ని. అద్దం ముందు నిలబడి ఆ మాటని సాగదీసి అని చూసుకున్న రోజులూ ఉన్నాయి. నవ్వకండి. అసలు అలా అన్నానా? లేదు. నేను సాగదీయలేదు. చూపు తిప్పలేదు. రిసెప్షన్ బల్ల వెనక నేర్చుకున్న నవ్వుతో, ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ, పొట్టిగా, గట్టిగా అన్నాను. అది చాలదన్నట్టు కష్టపడి పనిచేస్తాడని ఒక మెప్పు కూడా తగిలించాను.

ఎందుకన్నాను? చెడ్డవాడంటే నీకెలా తెలుసని అడుగుతుంది, నా సంగతి బయటపడుతుంది, పెళ్ళి ఆగిపోతుంది. నిజమే. ఆ ఫొటోల భయం? అదీ నిజమే. భయపడ్డ ఆడపిల్లని చూసి మీరు జాలిపడవచ్చు. కానీ జాలికి అందనిది ఇంకొకటి ఉంది. ఆమె అతని పేరు చెప్పగానే నాకు మొదట కలిగింది భయం కాదు. అమ్మయ్య అనిపించింది. వాడికి ఇంకొకతె దొరికింది, ఇక నన్ను మర్చిపోతాడు, ఆ ఫొటోలనూ మర్చిపోతాడు అనిపించింది. నా చెల్లెలిలా అడిగిన పిల్లని నాకు అడ్డంగా నిలబెట్టుకున్నాను. ఇది రాయడానికే ఇంతసేపూ చుట్టూ తిరిగాను.

కొన్నాళ్ళకు రూతు నా ఫోన్‌కి ఒక ఫొటో పంపింది. తెల్లచీరలో, సరూర్‌నగర్ వైపు చర్చిలో, అతని పక్కన. కింద ‘నీ మాట మీదనే ధైర్యం చేసిన అక్కా’ అని ఉంది. నేను ఒక దండం బొమ్మ పంపి, ఆ నంబరు తీసేశాను.

నా సంసారం బాగానే సాగింది. మా ఆయన మెత్తనివాడు. చలికాలంలో నా మణికట్టు నొప్పిపెడితే తనే నూనె వేడిచేసి రాస్తాడు. ఆ దిక్కుమాలిన బస్సు, అని ప్రతిసారీ అంటాడు. నేను ఊఁ కొడతాను. ఇంత మంచివాడిని ఆ అబద్ధం ఖర్చుతోనే కదా సంపాదించుకున్నాను అనిపించినప్పుడు, ఆ నూనె చేతిని వెనక్కి లాక్కోవాలనిపిస్తుంది. లాక్కోను.

మొన్న మా అత్తగారి మోకాళ్ళు చూపించడానికి మలక్‌పేట దవాఖానకు వెళ్ళాం. ఎముకల డాక్టర్ గది బయట బెంచీ మీద రూతు కూర్చుని ఉంది. ముందు గుర్తుపట్టలేదు. సగమైపోయింది. కుడిచెయ్యి మెడకు కట్టి ఉంది. నన్ను చూసి, “బాగున్నవా అక్కా?” అని జరిగి చోటిచ్చింది. షాపుకి వెళ్తున్నావా అని అడిగాను. “పోతలేను. ఆయనకు ఇష్టం లేదు,” అంది.

తర్వాత అడగాల్సింది ఒకటే ఉంది. జవాబు తెలిసి కూడా అడిగాను. “చెయ్యికేమైంది?”

“బస్సు దిగుతుంటే పడ్డ అక్కా.”

పక్కనుంచి మా అత్తగారు అందుకున్నారు. “అయ్యో పాపం! మా కోడలూ అంతేనమ్మా. పెళ్ళికి ముందు బస్సు దిగుతూనే పడి చెయ్యి విరగ్గొట్టుకుంది.”

రూతు నా మణికట్టు వంక చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నా మొహం వంక చూసింది. తిట్టినా బాగుండేది. లోపల్నుంచి మా అత్తగారి పేరు పిలిచారు. ఆవిణ్ణి పట్టుకుని లేచాను. లేవకుండా ఉండాల్సింది. రెండు నిమిషాలు ఆగండత్తయ్యా అంటే ఆవిడ ఆగేవారే. నేను బయటికొచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది.

ఆమె ఆ మాట తెలిసి అన్నదా, తెలియక అన్నదా? దెబ్బ దాచుకోవడానికి ఏం చెప్పాలో ఆ చాయ్ దుకాణంలో నా దగ్గరే నేర్చుకుందా? ఆ కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళి అడిగాను. అక్కడంతా కొత్తవాళ్ళే. ఆమె నంబరు అప్పుడే తీసేశానని చెప్పాను కదా. మా ఆయనకు ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో కూడా తెలియదు. ఇది చదివి మీరు నన్ను మన్నించనక్కర్లేదు, ఆ హక్కు మీకూ లేదు. ఒక్క వాక్యం మాత్రం ఇక్కడ రాసి పెడతాను. ఆ రోజు చాయ్ చల్లారేలోపు చెప్పి ఉండాల్సిన వాక్యం, మొన్న బెంచీ మీద కూడా చెప్పలేకపోయిన వాక్యం.

రూతూ, నేను బస్సు దిగుతూ పడలేదు. నా చెయ్యి అతనే విరిచాడు.