అద్దానికి అడ్డంగా అరటి పిలకలు

మేము హూడిలో కాపురమున్న రోజులవి. ఆయుధ పూజ చేసి, కారు ముందు అరటి పిలకలు కట్టుకుని వెళ్తుంటే మలుపులో లారీ తగిలి ముందు భాగమంతా నుజ్జయింది. ఇన్సూరెన్స్ ఆఫీసరు ఫోటోలు చూసి, “అద్దానికి అడ్డంగా పిలకలు కట్టుకుంటే దోవ ఎట్లా కనపడతాదప్పా? క్లెయిమ్ రాదు” అన్నాడు.

“పండగ సార్, ఒక్క దినమే కదా” అన్నాను. వినలేదు.

ఏడాదంతా ఆ ఆఫీసు చుట్టూ తిరిగాను. మళ్ళీ ఆయుధ పూజ వచ్చింది. పండగ ముందు రోజు వెళ్తే, ఆయన గేటు దగ్గర తన కారుకు పిలకలు కడుతున్నాడు.

“వచ్చినావా, ఇది రవంత పట్టుకోప్పా.”

పట్టుకున్నాను. “దోవ కనపడతాదా సార్?” అని అడిగాను.

తాడు బిగిస్తూనే, “ఒక్క దినమే కదప్పా” అన్నాడు.

పోట్లాడినా లాభం లేదని అప్పటికే తెలిసిపోయింది. రెండో పిలక కూడా నేనే ఎత్తి పట్టుకున్నాను.