నయం అనే మాట

మా నాయన విరుదునగర్‌లో ఒక పప్పుల మండీలో పనిచేసేవాడు. కందిపప్పు జల్లెడ పట్టించి, రకాలు వేరు చేయించి, మూటలు కుట్టించడం ఆయన పని. వారానికోసారి కోవిల్‌పట్టికి ఇంటికొస్తే చొక్కా అంతా పొట్టు వాసన. మండీలో అన్నిటికంటే మంచి పప్పుని ‘నయం’ అంటారు. అక్కడి అరవ వ్యాపారుల మాట అది. విరిగిందీ పుచ్చిందీ ‘మట్టం’. మా ఇంటికొచ్చేది ఎప్పుడూ మట్టమే.

మేము ఇంట్లో మాట్లాడే తెలుగులోనూ నయం ఉంది, కానీ పప్పుకి కాదు, జొరానికి. జొరం పోతే నయమయినట్టు. మంచి సరుకైతే అమ్మ ‘మేలు’ అనేది. “ఈ గుడ్డ మేలు, ఎన్ని ఉతుకులైనా తాళుతుంది” అని. కాస్త పైమెట్టు మనుషుల్ని మూతి తిప్పుతూ ‘ఒసత్తి’ అనేవాళ్ళం, అదీ అరవమే. శ్రేష్ఠం పూజారి నోట వినేవాళ్ళం. నాణ్యం అనే మాటైతే పెళ్ళయి నెల్లూరు పోయేదాకా నా చెవిన పడలేదు. తెలుగు అక్షరాలు కూడా నేను అక్కడే నేర్చుకున్నాను.

అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, మాతోనే ఉండేది. నాకంటే కొద్దిగా పెద్దది, పెళ్ళి కాలేదు. తొంభైలలో ఇద్దరం ఒకే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయేవాళ్ళం. మా ఊళ్ళో దాన్ని తీపెట్టి ఆపీసు అంటారు. నేను పెట్టెల్లో పుల్లలు నింపేదాన్ని. చిన్నమ్మ మందు కొట్లో, అంటే పుల్లలకి అంటుకునే మందు పట్టించే గదిలో. చట్రాల్లో బిగించిన పుల్లల కొనల్ని మందులో ముంచి, ఆరబెట్టే అరల్లో పెట్టాలి. ఆ పనికి చెయ్యి వణకకూడదు. చిన్నమ్మ చెయ్యి వణికేది కాదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అరలో ఒక చట్రం రాసుకుని అంటుకుంది. పక్క గదిలో మేమందరం కూర్చుని ఉన్నాం, మధ్యలో గోడ కూడా సరిగ్గా లేదు. చిన్నమ్మ మంటలో ఉన్న చట్రాన్ని రెండు చేతులతో పెరికి వాకిట్లోకి ఈడ్చుకెళ్ళింది. నేను అరుపులు విని బయటికొచ్చేసరికి ఆమె నేలమీద కూర్చుని చేతులు దూరంగా చాపి పట్టుకుని ఉంది, అవి తనవి కానట్టు. ఎవరో గోనెసంచి తడిపి కప్పారు.

వ్యాను కోసం చూస్తుంటే మేస్త్రి, ఆయనా తెలుగాయనే, నా పక్కన నిలబడి అన్నాడు: “ఇంకా నయం, ఒక్క మనిషితో పోయె.”

తిరునెల్వేలి పెద్దాసుపత్రిలో డాక్టరు అరవంలో “గుణమాయిడుం” అన్నాడు. అమ్మ చిన్నమ్మ చెవి దగ్గర వంగి, “నయమవుతుందంట” అని మన మాటలో చెప్పింది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ అదే. ఇంకా నయం, మొగానికి తగల్లేదు. ఇంకా నయం, కళ్ళు బాగుండాయి. ఇంకా నయం, పిల్లలు లేరు. ఒకామె ఆ మాట చెప్పి అరటిపండు ఒలిచి చిన్నమ్మ ముందు పెట్టింది, ఆమె చేతులకి కట్లు ఉన్నాయని మర్చిపోయి.

వాళ్ళు పోయాక చిన్నమ్మ పైకప్పు చూస్తూ అడిగింది. “అందరూ నయం నయం అంటా ఉండారు. ఎవురికే నయం?”

నేను పండు తీసి గోడవైపు పెట్టాను.

కట్లు విప్పాక చూస్తే వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. నేను మళ్ళీ ఆ ఫ్యాక్టరీ గడప తొక్కలేదు. నాయన మమ్మల్నందర్నీ విరుదునగర్ తీసుకుపోయాడు. అక్కడ చిన్నమ్మకి అన్నం నేనే పెట్టేదాన్ని, జడ నేనే వేసేదాన్ని. జడ వేస్తున్నప్పుడు మాట్లాడేది, అన్నం పెడుతున్నప్పుడు మాట్లాడేది కాదు.

ఒకరోజు నాయనతో, “బావా, నన్ను మండీకి తీసుకుపో. ఆడోళ్ళు పప్పు ఏరతారు గదా, నేనూ కూచుంటా” అంది. నాయన కాదనలేకపోయాడు. పొద్దున పోయినామె మధ్యాహ్నానికే వచ్చేసింది. చేటలో పప్పుని అరచేత్తో అటూ ఇటూ తోసిందే గాని, రాయిని ఒక్కదాన్నీ పైకి తియ్యలేకపోయిందట. మండీ యజమాని ఆమె వెంట ఒక సంచి పంపించాడు. నాయన దాన్ని విప్పి చూసి, “నయం పప్పు” అన్నాడు మెల్లగా.

అమ్మ ఆ రోజే వండింది. నేను ముద్ద కలిపి చిన్నమ్మ నోట్లో పెట్టాను. నమిలింది. “బాగుందా?” అని అమ్మ అడిగింది.

“నయం, మట్టం, రెండూ ఒకటే,” అంది చిన్నమ్మ, ఇంకో ముద్దకి నోరు తెరవలేదు.

ఆ తర్వాత వచ్చిన వానల్లో ఆమె ఎడమ చేతి పుండు మళ్ళీ రేగింది. చీము, జొరం. ఆసుపత్రికి రానంది, నాయన మోసుకుపోయాడు. వారం లోపలే పోయింది.

ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక, అమ్మ తలదగ్గర కూర్చుని చిన్నమ్మ జుట్టు సర్దుతూ, ఎవరితోనో కాదు, తనలో తనే అంది: “పోయిందే నయం.”

నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ, “నువ్వు కూడానా?” అన్నాను. అమ్మ జుట్టు సర్దుతూనే ఉంది. దినాలయ్యేదాకా మా ఇద్దరికీ మాటల్లేవు. చివరికి ఒక సాయంత్రం బియ్యం ఏరుతూ తనే మొదలుపెట్టింది.

“నేనింకేమనాలే, చెప్పు. ఆ చేతులతో అన్నం ఎట్ట తింటుంది? నేను పోయినాక దానికెవురు పెడతారు? నాకు వేరే మాట రాలే.”

నేను ఆమె పక్కన కూర్చుని చేటలో సగం నా వైపు లాక్కున్నాను.

రెండువేల సంవత్సరం దాటాక నెల్లూరులో మా పాపకి జొరమొస్తే, డాక్టరమ్మ నవ్వుతూ “నయమైందా?” అని అడిగింది. “తగ్గిందండీ” అన్నాను. అంగట్లో నాణ్యమైనదివ్వమంటాను, మేలు రకం అడుగుతాను, ఇంకేదైనా అంటాను. నా తెలుగు పాతదని ఇక్కడివాళ్ళు నవ్వుతారు. ఆ ఒక్క మాట నేను వాడనని ఎవరూ గమనించలేదు.

అమ్మ గమనించింది. విరుదునగర్ నుంచి ఫోన్ చేస్తే మోకాళ్ళ నొప్పి ఎట్లుందని అడుగుతాను. “ఇప్పుడు కొంచిం...” అని ఆగుతుంది. ఆ ఆగడం నాకు వినబడుతుంది. తర్వాత, “కొంచిం తక్కువే” అంటుంది.