పేటీ కోసం తవ్విన సమాధి

రాయపూర్ రైల్వే కాలనీలో మా తెలుగువాళ్ళ ప్రార్థనా మందిరానికి ఒకే ఒక్క హార్మోనియం ఉండేది. వాయించేది నేను. ఒక ఆదివారం వెళ్ళి చూస్తే అది లేదు. మందిరం ఊడ్చి లాంతర్లు తుడిచేది మా మేనత్త గనక తాళంచెవి ఆవిడ దగ్గరుండేది. మామయ్య పోయి అప్పటికి నెల కూడా కాలేదు.

సంఘపెద్ద ఆవిడను పిలిచి ఒక్కమాట అడగలేదు. ప్రైవేటు డిటెక్టివును పెట్టాడు! పోలీసు ఉద్యోగం ఊడిన మనిషి. ఆఫీసు లేక బోర్డును టీకొట్టు గోడకు తగిలించుకున్నాడు. వానకు 'డిటెక్టివు' చెరిగిపోయి 'ప్రైవేటు' మిగిలింది.

అతడు పాత ఖాకీ కోటుతో అత్త గుమ్మంలో నిలబడి, "పేటీ కహాఁ హై, అమ్మా?" అని, ఎక్కడుందో అడిగాడు. అక్కడ హార్మోనియాన్ని పేటీ అంటారు. అత్తకు పేటీ అంటే పెట్టె అనే తెలుసు. కోటు చూసి, మామయ్య శవపెట్టెకు చెక్క ఇచ్చిన రైల్వే వర్క్‌షాపు మనిషనుకుంది.

"మట్టీ మే, బాబూ. హమ్ గాడ్ దియా," అంది కళ్ళు తుడుచుకుంటూ. మట్టిలో పాతేశామని.

దొంగ ఏడుస్తూ ఒప్పుకుందని అతడు వెళ్ళి చెప్పాడు. అబద్ధసాక్ష్యం పాపమని వారం వారం మాకు బోధించే సంఘపెద్ద, ఈమధ్య తవ్విన మట్టి మామయ్య సమాధిదేనని, అతడిచేత పార పట్టించుకుని సమాధుల తోటకు నడిచాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

కబురు తెలిసి నేనూ అత్తా పరుగెత్తేసరికి డిటెక్టివు మామయ్య సమాధిలో మోకాలి లోతున ఉన్నాడు.

"ఏటి బాబూ ఇది? ఏటెతుకుతన్నారు?" అంది అత్త.

"హార్మోనియం," అన్నాడు సంఘపెద్ద, ఆవిడ ముఖం చూడకుండా. "పేటీ పాతేశానని నువ్వే ఒప్పుకున్నావటగదమ్మా."

"నాను సెప్పింది ఆయన్ని పెట్టిన పెట్టి సంగతి! బతికున్నన్నాళ్ళూ ఒక్క పాటా సుతిలో పాడనోడికి హార్మోనీ ఎందుకిత్తానండీ?"

"క్యా బోలీ?" అని డిటెక్టివు నన్నడిగాడు. అత్త మాట హిందీలో చెప్పాను. అతడు పార వదిలేసి, రెండు చేతులతో మట్టి పూడ్చడం మొదలుపెట్టాడు. "పహ్‌లా కేస్ థా, అమ్మా," అని గొణిగాడు. అదే అతడి మొదటి కేసట.

సాయంత్రానికి హార్మోనియం దొరికింది, సంఘపెద్ద ఇంట్లోనే, దుప్పటి కింద. చెల్లెలి నిశ్చితార్థానికి పాటలు సాధన చెయ్యాలని ఆయన కొడుకు తెచ్చుకున్నాడు. మందిరం రెండో తాళంచెవి ఉన్నది ఆ ఇంట్లోనే. ఆ తాళంచెవిని మాత్రం ఎవరూ అనుమానించలేదు!

తరవాతి ఆదివారం సంఘపెద్ద లేచి, "జరిగిందేదో జరిగింది, ఒకరినొకరం క్షమించుకుందాం," అన్నాడు. ఎవరు ఎవరిని? మా అత్త చేసిన నేరమేమిటి?

"ముందు మీరు మా అత్తను క్షమాపణ అడగండి," అన్నాను.

ఆయన విననట్టే కీర్తన మొదలుపెట్టాడు. నేను హార్మోనియం మూత తియ్యలేదు. శ్రుతి లేక ఆ రోజు సంఘమంతా అచ్చం మా మామయ్యలా పాడింది. అత్త ఒక్కతే పాడకుండా, కళ్ళు మూసుకుని విన్నది.