తెర మీద ఆగిపోయిన ఐదు

ఆరేళ్లుగా మూడు మాటలు మోస్తున్నాను. 'ల్యాప్‌టాప్ బాగానే ఉంది.' అన్నది నేనే. పదిమంది ముందు, నవ్వుతూ. నవ్వించడం నాకు చేతనైన పని. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి, చదువు లేని లోటును నోటితో పూడ్చుకుంటూ వచ్చాను. ఈ ఒక్క గొయ్యి మాత్రం పూడలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

బోగోలు దగ్గర నాది ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేసే చిన్న అంగడి. మా చర్చికి వచ్చే రూతక్క రెండు రొయ్యల గుంటలు కౌలుకు తీసుకుని సాగు చేసేది. నీళ్లలో ప్రాణవాయువు ఎంత ఉందో సెన్సర్లు కొలిచి పంపితే, గట్టు మీది షెడ్డులో ఒక పాత ల్యాప్‌టాప్ ఆ అంకెను తెర మీద చూపించేది. దాంట్లో లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసింది నేనే. పాత యంత్రానికి అదే తేలిక. కాపలా ఏసోబుది. కరెంటు పోతే నీళ్లు చిలికే ఫ్యాన్లు ఆగిపోతాయి. అయినా వెంటనే జనరేటర్ వెయ్యకూడదు, అంకె నాలుగు కంటే కిందికి దిగితేనే వెయ్యాలి, డీజిల్ మిగలాలి. అది అక్క పెట్టిన నియమం. అంటే కరెంటు లేని వేళ ఆ గుంటల ఊపిరంతా ఒక అంకె మీదే.

బ్యాటరీ చచ్చిందని అక్క తెచ్చిచ్చింది. కొత్తది వేశానని చెప్పి, వేరే ల్యాప్‌టాప్‌లోంచి పీకిన పాతది వేశాను. అది అరగంట కూడా నిలవలేదు. అప్పుడు నా తెలివి చూడండి. ఛార్జర్ తీయగానే ప్రాసెసర్ వేగం అట్టడుగుకు పడిపోయేలా ఒక్క వరుస ఆదేశం అందులో రాసి పెట్టాను. పని మందగిస్తే ఛార్జి మిగులుతుంది కదా. రెండు గంటలు నిలిచింది. అక్క మురిసింది. వారానికే మళ్లీ వచ్చింది.

"ఏంది అబ్బయా, ఛార్జర్ తీస్తే నత్త మాదిరి పాకతా ఉండాది?"

"కరెంటు లేనప్పుడు నువ్వు మాత్రం పరిగెత్తతావా అక్కా? ఇసనకర్ర పట్టుకోని కూలబడవూ? దానికీ అదే ఆయాసం."

"నీ ఎకసెక్కాలు మానవు గదా! కరెంటు పోయినప్పుడే గదరా దాంతో నాకు పని?"

"నిదానంగా చెప్పినా నిజమే చెప్తాదిలే అక్కా."

నవ్వుకుంటూ వెళ్లిపోయింది. తుడిచేయడానికి ఒక్క వరుస. తుడిస్తే బ్యాటరీ బండారం బయటపడుతుంది. అందుకే తుడవలేదు. నిజమే చెబుతుందని అన్నానే, ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చింది?

ఆ తరువాత సముద్రం మీద మూడు రోజులు మబ్బు కదలలేదు. ఎండ లేకపోతే గుంటలో ప్రాణవాయువు తొందరగా తగ్గిపోతుంది. మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఏసోబు తెర ముందు కూర్చున్నాడు. ఐదు. ఎంతసేపు చూసినా ఐదే. సెన్సర్ల నుంచి లెక్కలు వచ్చి పడుతుంటే, నేను కాళ్లు కట్టేసిన ఆ యంత్రం వాటిని అందుకోలేక వెనకబడిపోయింది. అతను చూస్తున్నది ఎప్పుడో గడిచిపోయిన ఐదు. అవతల రొయ్యలు ఊపిరాడక పైకి తేలుతున్నాయి. కాకులు గుంపుగా వాలుతున్న చప్పుడు విని బయటికి పరిగెత్తాడట. అప్పటికే రెండు గుంటలూ చచ్చిన రొయ్యలతో తెల్లబడ్డాయి.

అసలు భయం ఆ తరువాతిది. కరెంటు వచ్చింది. ఛార్జింగ్ అందగానే ల్యాప్‌టాప్‌కు ప్రాణం లేచొచ్చింది. వెనకబడిన లెక్కలన్నీ నిమిషంలో మింగేసి, ఏ అంకె ఏ వేళదో ఆ వేళ పక్కనే బుద్ధిగా చూపించింది. నాలుగు. మూడు. రెండు. జనం వచ్చేసరికి తెర మీద అంతా సక్రమం. 'ఐదే ఉండింది, నా కళ్లతో చూసినా' అంటున్న ఏసోబు ఒక్కడే అబద్ధాలకోరు. నన్ను పిలిపించారు. అక్క కళ్లు గుంట వైపు, ఏసోబు కళ్లు నా వైపు. అప్పుడే అన్నాను ఆ మూడు మాటలు. ఇంకోసారి సరిచూస్తానని ఇంటికి తెచ్చి, ఆ వరుస తుడిచేశాను.

అక్క గుంటలు వదిలేసింది. మా సంఘంలో తప్పు చేసినవాడు అందరి ముందు లేచి ఒప్పుకోవాలి; ఒప్పుకునేదాకా రొట్టె, ద్రాక్షారసం ఇవ్వరు. ఏసోబు మూడు నెలలు లేవలేదు. నాలుగో నెల లేచి, "నిద్ర పోయినానేమో" అన్నాడు. పెద్దలకు అది చాలింది. తన కళ్లనే తాను నమ్మకుండా చేశాను కదా ఆ మనిషిని? ఆ రోజు రొట్టె పళ్లెం నా ముందుకూ వచ్చింది. తీసుకున్నాను. నమిలాను.

పోయిన నెల ఏసోబు తన కూతురి ల్యాప్‌టాప్ పట్టుకుని అంగడికి వచ్చాడు. ఛార్జర్ తీస్తే నెమ్మదిస్తోందట. అందులోనూ లినక్సే. ఛార్జర్ పీకి వేగం చూశాను. అట్టడుగున ఆగి ఉంది. ఇది ఎవరి పాపమూ కాదు, ఛార్జి పొదుపు సెట్టింగు, మార్చడానికి నిమిషం చాలు. మార్చకుండా తలెత్తాను. అతను తెరను చూడటం లేదు. నన్ను చూస్తున్నాడు.

"బ్యాటరీ మీద ఇట్టా అవతాదా అన్నా?"

"అప్పుడప్పుడు."

ఆనాటి నుంచి రోజూ వచ్చి అంగడి ఎదుటి బల్ల మీద కూర్చుంటున్నాడు. టీ ఇస్తే తాగడు. కునుకు తీయడు.

ఇది రాస్తుంటే కరెంటు పోయింది. సముద్రం వైపు మబ్బు దిగింది. అతను బల్ల మీదే ఉన్నాడు. లేచి వెళ్లి చెప్పగలనా? చెబితే ఏం చేస్తాడు? తెలియదు. క్షమించమని అడిగే నోరు నాకు లేదు. ముందు కాగితం మీదైనా పెడితే, ఆరేళ్లలో మొదటిసారి ఊపిరి లోపలిదాకా వెళ్తోంది. అంతే నాకు దక్కింది.

ఏసోబూ, ఆ రోజు నువ్వు నిద్రపోలేదు. ల్యాప్‌టాప్ బాగా లేదు.