కత్తికి తిండి

లక్సెట్టిపేటలోని ప్రింటింగు షాపులో కంప్యూటరు మీద డిజైన్లు చేసే అక్కకు ఒక అలవాటుండేది. పని పూర్తికాగానే తెర అంచు వెంబడి బొటనవేలు నడిపి, "కత్తికి తిండి పెట్టిన్నా?" అని తనను తానే అడుక్కునేది.

బాపు పోయినప్పుడు దినాల కార్డు కోసం ఆమె దగ్గరికి వెళ్ళాను. నేనిచ్చిన ఫొటోలో మా ఇంటి నీలం గోడ ముందు నన్ను కన్న అవ్వ, బాపు నిలబడి ఉన్నారు. అవ్వ గాజుల చెయ్యి సరిగ్గా ఫొటో అంచునే ఉంది.

"కార్డు నిండ గిట్లనే పెట్టక్కా," అన్నాను.

"అచ్చయినంక కార్డు అంచులు కోసేటప్పుడు కత్తి జర అటిటు జరుగుతది తమ్మీ. మీ అవ్వ చెయ్యి తెగుతది."

మా గోడ రంగునే కొంచెం కొంచెంగా తీసుకుని, ఫొటో బయటికి గోడను పెంచుతూ కూర్చుంది. పెచ్చులూడిన మరకలు కూడా వదలలేదు.

"కోసి పారేసే గోడకు గింత పనేందుకక్కా?"

"కత్తికి తిండి పెట్టకుంటే మనుషుల్ని తింటది."

కార్డులు అచ్చయ్యాక కోస్తుంటే, పెంచిన ఆ నీలమంతా సన్నని పీలికలై మిషను కింద రాలింది. ఆమె అటు చూడనైనా లేదు. అంచున మిగిలిన చెయ్యినే చూసింది.

దినాలనాడు గాజులు తీసిన తర్వాత అవ్వ ఆ కార్డు అడిగి తీసుకుంది. బాపు ముఖం మీద కాదు, ఫొటో అంచున వేలు పెట్టింది.

"అన్ని ఉన్నయిరా," అంది.