వాగు శనివారం

మా పక్కింటి పెద్దావిడ గురువారం పొద్దున పోయారు. నేను అమ్మాయికి లంచ్ బాక్సు కడుతుంటే ఎదురింటాయన తలుపు తట్టారు. ఆయన రిటైరైన గార్డు. గార్డంటే ఇక్కడ ఐర్లాండ్‌లో పోలీసు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, "నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా, ఏ బాధా పడకుండా," అన్నారు. ముందురోజు సాయంత్రమే కంచె మీదుగా కేకేసి, "శనివారం మీ ఇంటి నుంచి ఎవరు?" అని అడిగిన మనిషి! "ఇంకెవరండీ, ప్రతిసారీ నేనేగా," అన్నాను నేను. అదే ఆఖరి మాట అవుతుందని నాకేం తెలుసు?

ఆ శనివారం సంగతి ముందు చెప్పాలి. మేముండేది లెటర్‌కెన్నీ ఊరి చివర ఒక హౌసింగ్ ఎస్టేట్‌లో. మా ఆయన ఆసుపత్రిలో డాక్టరు. నేను వైద్య పరికరాలు తయారుచేసే ప్లాంటులో ఇంజనీరుని. మా ఇళ్ళ వెనక నుంచి ఒక వాగు పోయి రోడ్డు వంతెన కింద దూరుతుంది. చలికాలమంతా కొట్టుకొచ్చిన కొమ్మలూ, ప్లాస్టిక్ సంచులూ ఆ వంతెన దగ్గర ఇరుక్కుంటాయి. వాటిని తీయకపోతే పెద్ద వానకి నీళ్ళు వెనక్కి తన్ని మా పెరళ్ళలోకి వస్తాయి. అందుకని వసంతం మొదట్లో ఒక శనివారం, ఇంటికొకరు చొప్పున అందరూ వాగులోకి దిగుతారు. అద్దెకున్నవాళ్ళయినా సరే, సొంత ఇల్లయినా సరే. ఈ పద్ధతి పెట్టింది పక్కింటి పెద్దావిడే. ఇది ఐర్లాండ్‌ది కాదు, స్విట్జర్లాండ్ నుంచి ఆవిడతో పాటు వచ్చింది.

ఆవిడది అక్కడ ఒక ఇరుకు లోయ. మధ్యలో నది, రెండు పక్కలా నిటారుగా కొండలు. ఒక గట్టుని ఎండవైపు అనేవారట, రెండోదాన్ని నీడవైపు. ఆవిడ పుట్టిల్లు నీడవైపు. చలికాలంలో వారాల తరబడి సూర్యుడు కొండ దాటి ఆ గట్టుకి వచ్చేవాడే కాదట. మంచు కరిగే కాలంలో నదికి పిచ్చెత్తేది, బండరాళ్ళు దొర్లించుకుంటూ వచ్చేది. ఆ దెబ్బకి గట్లు తెగేవి, పొలాలకి నీళ్ళు పంపే కాలవలు పూడిపోయేవి. అందుకని ఊరి పంచాయతీ ఏడాదికోసారి పని రోజు పెట్టేది. ఇంటికొక మనిషి రావాలి. ఎవరింట్లోనైనా రాగలిగేవాళ్ళు లేకపోతే పొరుగింటివాళ్ళు వాళ్ళ తరఫున ఇంకొకర్ని పంపాలి. పనయ్యాక పంచాయతీ అందరికీ అక్కడే భోజనం పెట్టేది. ఆ లోయకి డ్యామ్ కోసం సొరంగం తవ్వడానికి వెళ్ళిన, మేముండే ఈ డొనెగల్ జిల్లా కుర్రాడిని పెళ్ళి చేసుకుని ఆవిడ ఇటు వచ్చేశారు. మేము వచ్చేసరికే ఆయన లేరు. పిల్లలు లేరు.

మేము కొత్తగా దిగిన ఏడాది ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి, "శనివారం అందరం వాగు దగ్గర కలుస్తున్నాం, మీ ఇంటి నుంచి ఎవరు వస్తారు?" అని అడిగారు. నేను తెనాలిదాన్ని. నీళ్ళ పక్కన అందరూ కలవడమంటే నాకు తెలిసింది వనభోజనాలే. ఇంకేముంది, తెల్లారుజామునే లేచి పెద్ద గిన్నెడు పులిహోర కలిపాను. పట్టుచీర కట్టుకుని, పూసల గొలుసు వేసుకుని, గిన్నె చంకనెత్తుకుని వెళ్ళాను. చూద్దును కదా, అందరూ మోకాళ్ళదాకా రబ్బరు బూట్లేసుకుని, పారలు పట్టుకుని బురదలో ఉన్నారు! నాకు ఏడుపొక్కటే తక్కువ. వెనక్కి తిరిగి పారిపోదామనుకుంటుండగా ఆవిడ గట్టెక్కి వచ్చి గిన్నె మూత తీసి చూశారు.

"ఇదంతా అందరికీనా?" అన్నారు.

"అవునండీ. నేను పిక్నిక్ అనుకున్నా."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇన్నేళ్ళుగా మేమిక్కడ పని చేసి బిస్కెట్లు తిని ఇంటికి పోతున్నాం. మా ఊళ్ళో పని తర్వాత ఊరు అన్నం పెట్టేది. తక్కువైన ఆ సగం ఇవాళ నువ్వు తెచ్చావు," అన్నారు. నా చీర కుచ్చిళ్ళు పైకి దోపించి, వాళ్ళాయన పాత బూట్లు తెచ్చి ఇచ్చారు. అవి నా కాళ్ళకి పడవల్లా ఉన్నాయి. ఆ రోజే నాకు ఎస్టేట్‌లో అందరి పేర్లూ తెలిశాయి. అప్పటిదాకా నాకు ఈ దేశంలో ప్లాంటూ, సూపర్‌మార్కెట్టూ తప్ప ఏమీ తెలియదు.

ఫోన్‌లో చెబితే మా అమ్మ నెత్తి కొట్టుకుంది. "అంత చదువు చదివి, సముద్రాలు దాటి వెళ్ళి పూడిక తీస్తున్నావా తల్లీ?" అంది. మరుసటి ఏడాది మా అమ్మ వచ్చినప్పుడు ఆవిడని చూసి మనసు మార్చుకుంది. "వదినగారూ" అని తెలుగులోనే పిలిచేది. ఆవిడా పలికేవారు. ఒకరికొకరి భాష ముక్క రాదు, అయినా గంటలు గంటలు కూర్చునేవాళ్ళు. ఏం మాట్లాడుకునేవాళ్ళో ఆ దేవుడికే తెలియాలి.

ఆవిడకి ఎండంటే ప్రాణం. ఇక్కడ ఎండ ఎంతసేపుంటుంది గనక! మబ్బు విడిచిందంటే చాలు, మా తలుపు బాదేవారు. "ఎండొచ్చింది, లోపలేం చేస్తున్నారు?" అని. తోటలో కుర్చీ వేసుకుని, నీడ పడినప్పుడల్లా దాన్ని జరుపుకుంటూ సాయంత్రానికి కంచె దాకా వచ్చేసేవారు. తెనాలి ఎండకి భయపడి పెరిగినదాన్ని, నేను చున్నీ నెత్తిన కప్పుకుంటే నవ్వేవారు. వాళ్ళ వాకిలితో పాటు మా వాకిలీ ఊడ్చేవారు. వద్దండీ అంటే, "చీపురు ఇక్కడిదాకా వచ్చాక ఆపడమెందుకు?" అనేవారు.

ఒకసారి మాత్రం ఆవిడ బాధపడటం చూశాను. వాళ్ళ ఊరి పంచాయతీని లోయ కిందనున్న పెద్ద ఊళ్ళో కలిపేశారట. ఊరి పేరు ఇప్పుడు బస్ స్టాప్ బోర్డు మీద మాత్రమే మిగిలిందట. కలిపిన ఏడాది హడావిడిలో, పని రోజుని ఈ ఒక్కసారికి వాయిదా వేద్దామన్నారు. అంతే, మళ్ళీ పెట్టలేదు. ఇప్పుడు కాంట్రాక్టరు యంత్రాలతో వచ్చి చేసి పోతున్నాడు. "ఎవరూ రద్దు చెయ్యలేదు తెలుసా? వాయిదా వేశారు, అంతే," అన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఇక్కడ అలా కాకూడదు," అన్నారు.

గురువారం సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాం. మన దగ్గరైతే చావింటికి వెళ్ళొచ్చి తలకి పోసుకుంటాం. ఇక్కడ మనిషిని ముందుగదిలో పడుకోబెట్టి, చుట్టూ కూర్చుని టీ తాగుతూ ఆ మనిషి గురించి చెప్పుకుంటారు. నాకిప్పుడు ఆ పద్ధతే బాగుందనిపిస్తుంది. స్విట్జర్లాండ్ నుంచి ఆవిడ తమ్ముడి కొడుకు మర్నాడు వస్తాడని, శనివారం మధ్యాహ్నం చర్చికి తీసుకెళతారని అక్కడే తెలిసింది. అప్పుడు ఎదురింటాయన గొంతు సవరించుకుని, "శనివారం పొద్దున వాగు పని ఉంది కదా, ఆమె మీద గౌరవంతో ఈ ఒక్కసారికి వాయిదా వేద్దాం," అన్నారు. అందరూ తలలూపారు.

"వద్దండీ!" అన్నాను. అంత గట్టిగా అన్నానని అందరూ తిరిగి చూశాక తెలిసింది. "ఆవిడ ఊళ్ళో కూడా ఒక్కసారికే అన్నారు."

"అంత్యక్రియల రోజున బురదలో దిగుతామా అమ్మా? జనం ఏమనుకుంటారు?" అన్నారాయన.

"జనమంటే మనమేగా?" అన్నాను. ఆయన కప్పు కింద పెట్టి బయటికి వెళ్ళిపోయారు.

శుక్రవారం సాయంత్రం ప్లాంటు నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా ఇంటింటికీ తిరిగాను. ఇన్నేళ్ళలో ఒకరి తలుపు తట్టి ఏదైనా అడిగిన మనిషిని కాదు. మా అమ్మాయి నా పక్కనే నడిచి, నేను తడబడినచోట తన డొనెగల్ ఇంగ్లిష్‌లో అందుకునేది. కొందరు వస్తామన్నారు, కొందరు "చూస్తాం" అన్నారు. ఇక్కడ "చూస్తాం" అంటే రామని. ఒకావిడ మొహం మీదే, "పాపం, ఆమెను ప్రశాంతంగా పోనివ్వరాదూ?" అంది. ఒళ్ళు మండింది. వెళ్ళి తర్వాతి ఇంటి తలుపు తట్టాను.

శనివారం చినుకులు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. నేనూ, అమ్మాయీ వెళ్ళేసరికి వాగు గట్టున ఎవరూ లేరు. "ఇట్స్ గ్రాండ్, మామ్, మనం స్టార్ట్ చేద్దాం," అంది అమ్మాయి. ఇక్కడ గ్రాండ్ అంటే ఫర్వాలేదని. దిగి కొమ్మలు లాగడం మొదలుపెట్టాం. అడుగులు వినిపించి తలెత్తితే ఎదురింటాయన. నల్ల సూటు ప్యాంటు బూట్లలోకి దోపి, భుజాన రంపం పెట్టుకుని వస్తున్నారు. వెనక ఆవిడ తమ్ముడి కొడుకు. నిన్న ప్రశాంతంగా పోనివ్వమన్నావిడ కూడా పార పట్టుకుని వచ్చింది. నా వంక చూడకుండా నీళ్ళలోకి దిగింది. తర్వాత ఒక్కొక్కరే.

ఆ తమ్ముడి కొడుకు నా పక్కన పని చేశాడు. "మా నాన్న చిన్నప్పుడు చేసేవాడని చెబుతాడు. నేను చెయ్యడం ఇదే మొదటిసారి," అన్నాడు. వంతెన కింద ఒక పెద్ద చెట్టు మోడు అడ్డం పడి ఉంది. రంపంతో కోసి, తాడు కట్టి, అందరం కలిసి లాగాం. అది వదిలేసరికి చాలా సమయం పట్టింది. ఇంటికెళ్ళి స్నానం చేసి, నల్లబట్టలు కట్టుకుందామనుకున్నాం. ఈలోపే ఆవిడని ఎక్కించుకున్న శవవాహనం ఎస్టేట్ గేటు దాటి వంతెన వైపు మలుపు తిరిగింది.

బట్టలు మార్చుకునే వేళ లేదు. ఎదురింటాయన, "ఉన్నచోటే వరస కట్టండి," అన్నారు. నడుముదాకా బురదతో, పారలు చేతుల్లో పట్టుకుని వంతెనకి రెండు పక్కలా నిలబడ్డాం. నేను వెక్కివెక్కి ఏడుస్తూనే ఉన్నాను. అమ్మా, నన్ను ఒక ఊరిదాన్ని చేశారు, మీ రుణం తీరదు అని లోపల అనుకుంటూనే ఉన్నాను. బండి మెల్లగా మా మధ్యలోకి వచ్చింది. ఆవిడ తమ్ముడి కొడుకు ఆగమని చెయ్యెత్తాడు. డ్రైవరు వంతెన నడిమధ్య ఇంజన్ ఆపేశాడు. కింద నీళ్ళు అడ్డులేకుండా చప్పుడు చేస్తూ పోతున్నాయి. ఆవిడని పైన ఉంచుకుని, తడిసిపోతూ, అందరం ఆ చప్పుడు వింటూ నిలబడ్డాం. బండి కదపమని ఎవరూ అనలేదు.