ఆయన నడిపిన ఆఖరి వ్యాను

పత్రికాఫీసులో అందరూ ఆయన్ని స్టీరింగు బాబాయి అనేవారు. మార్కెట్లోకి కొత్త బండి ఏది వచ్చినా ముందు ఆయన నడిపి చూసి పత్రికలో సమీక్ష రాయాల్సిందే. ఆయన మెచ్చుకుంటే కొన్నవాళ్లు, పెదవి విరిస్తే బుకింగు రద్దు చేసుకున్నవాళ్లు ఎందరో. సొంతానికి మాత్రం ఒక డొక్కు కారుతోనే నెట్టుకొచ్చాడు. "ఊళ్లో బళ్లన్నీ మనవే అయినప్పుడు మనకెందుకండీ ఇంకోటి" అని మందుల షాపులో పనిచేసే భార్య ఎకసెక్కమాడేది.

కొంతకాలంగా ఆయనకు చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తోంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపించేది, పక్కన ఉన్నది మాయమయ్యేది. గుమ్మాలకు భుజం కొట్టుకోవడం, చెయ్యి తగిలి మంచినీళ్ల గ్లాసు దొర్లించడం ఎక్కువయ్యాక భార్య పట్టుబట్టి కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. కంటి నరం ఎండిపోతోందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది నిలుపుకోవడానికి చుక్కలు వేసుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. "ఇక బండి నడపకండి" అని కూడా అంది. ఆ మాట ఆఫీసులో చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. కూతురికి చుక్కల సంగతి వరకే తెలుసు, బండి నడపొద్దన్న సంగతి తెలియదు.

సరిగ్గా అప్పుడే ఆ వ్యాను వచ్చింది. తాతల కాలం నాటి గుండ్రటి ముఖం, పైన తెలుపు, కింద ఆకుపచ్చ. ఇంజను బదులు బ్యాటరీ. "ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లండి బాబాయ్, ఓ రాత్రి అందులోనే పడుకుని వచ్చి రాయండి" అన్నాడు ఎడిటరు.

భార్య నడిపింది. పెళ్లయ్యాక ఆయన ఆవిడకు స్టీరింగు వదలడం అదే మొదలు. కూతురు ముందు సీట్లో, ఆయన వెనక వరసలో కూర్చున్నారు.

"వెనక ఎలా ఉంది నాన్నా?"

"కాళ్లు బార్లా చాపుకోవచ్చు. కిటికీ మాత్రం సగమే తెరుచుకుంటోంది. చిన్నపిల్లలకైతే కడుపులో తిప్పుతుంది."

"నాకు చిన్నప్పుడు అన్ని బళ్లలోనూ తిప్పేది. నువ్వెప్పుడూ రాయలేదు."

ఆయన వెనక సీట్ల ఏసీ తగ్గిద్దామని చేయి చాపితే తడిమి పట్టుకోవడానికి ఒక్క బటనూ లేదు. అంతా నున్నటి గాజుపలక. పైకి ఇంత పాతకాలం పోకడ పోయినవాళ్లకు లోపల తిప్పే మీట ఒక్కటి పెట్టడానికి చేతులు రాలేదా అని విసుక్కున్నాడు.

సరస్సు ఒడ్డున ఆగి, సీట్లు మడిచి పరుపు పరిచారు. కూతురు క్యాను తీసుకుని నీళ్లకు వెళ్లింది. పక్కనే పెద్ద ఖాళీ మైదానం. దాన్ని చూశాక ఆయన మనసు ఆగలేదు.

"ఒక్కసారి. ఆ చివరిదాకా. అసలు నడపకుండా ఏం రాయను?"

ఖాళీ మైదానమే కదా అని భార్య సరిపెట్టుకుంది. తాళం ఇచ్చి పక్కన కూర్చుంది.

వ్యాను మెత్తగా కదిలింది. చాలా రోజుల తర్వాత ఆయన ముఖం విప్పారింది. ఇంకాస్త వేగం పెంచాడు. కుళాయి దగ్గర క్యాను నింపుకుని కూతురు పక్కనుంచి అడ్డంగా వస్తోంది. గాలి హోరులో వ్యాను చేసే సన్నటి రొద ఆ పిల్లకు వినబడలేదు. ఆయనకు ఆ పిల్ల కనబడలేదు.

"ఆపండి, పిల్ల!"

ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. వ్యాను ఆగేసరికి దానికీ పిల్లకూ మధ్య జానెడు దూరం. కింద పడ్డ క్యానులోంచి నీళ్లు ఒలికిపోతున్నాయి.

"నన్ను చూడలేదా నాన్నా?"

"లేదమ్మా. కనబడలేదు."

ఆయన దిగి, వ్యానును తడుముకుంటూ చుట్టూ తిరిగి వచ్చి, తాళం భార్య చేతిలో పెట్టాడు. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

పరుపు మెత్తగానే ఉంది. ముగ్గురూ నిద్రపట్టినట్టు నటించారు.

తిరిగొచ్చాక ఎడిటరుకు అంతా చెప్పేశాడు.

"ఇంకెవరైనా నడిపి మీకు చెబుతారు, మీరు రాయండి" అన్నాడు ఎడిటరు.

"ఒకరు తిన్నదానికి నేను రుచి చెప్పలేనయ్యా."

ఆఖరి సమీక్షలో వెనక సీటు గురించే ఎక్కువ రాశాడు. గాజుపలకను ఏకిపారేశాడు. బండి నడక గురించి ఒక్క వాక్యమే ఉంది: నేను నడిపింది కొద్ది దూరమే, అదీ నడపకుండా ఉండాల్సింది. ఎడిటరు దాన్ని కొట్టేయలేదు.

ఇప్పుడు ఇంటి కారు ఆవిడే నడుపుతుంది. ఆయన పక్కన కూర్చుంటాడు. ఎదురుగా ఏదైనా వచ్చినప్పుడల్లా ఆయన కుడిపాదం నేలను గట్టిగా నొక్కుతుంది. ఆవిడ చూసీ చూడనట్టు రోడ్డు వైపే చూస్తుంది.